ఇది దేవుని ప్రేరేపణా, నా మనసు మాటా? తేల్చుకునే పద్ధతి

చర్చిలో శనివారం యూత్ మీటింగ్ అయిపోయి చాపలు చుడుతుంటే ఎవరో ఒకరు వెనకే ఆగిపోతారు. "అక్కా, ఒక్క నిమిషం." ఆ నిమిషం ఎప్పుడూ గంటవుతుంది. ప్రశ్న మాత్రం ఒకటే, వేషాలే వేరు. ఈ సంబంధం గురించి ప్రార్థన చేస్తుంటే లోపల ఏదో ఆపుతోంది, అది దేవుడా, నా భయమా? ఉద్యోగం మానేసి సేవకు రమ్మంటున్నట్టుంది, నిజమేనా? ఆఫీసులో ఆయుధపూజ రోజు అందరితో పాటు నిలబడ్డాను, అప్పట్నుంచీ మనసు పీకుతోంది, తప్పు చేశానా?

నోటితో చెప్పి చెప్పి, చెప్పినదాంట్లో సగం నేనే మర్చిపోతున్నాను. అందుకే రాసి పెడుతున్నాను. ఇందులో దైవశాస్త్రం తక్కువ, నోటుబుక్కు పని ఎక్కువ.

సిద్ధాంతం ఎంత కావాలంటే ఇంత. చేసిన పనో చేయబోయే పనో తప్పా ఒప్పా అని లోపల పలికేది మనస్సాక్షి. "ఫలానా పని చెయ్యి, ఫలానా చోటికి వెళ్ళు" అన్నట్టు కదిలించేది ప్రేరేపణ. మూడోది మన కోరిక, మన భయం. ఈ మూడోది తన సొంత పేరుతో ఎప్పుడూ రాదు. మొదటి రెండింటి బట్టలు వేసుకుని వస్తుంది. మన పనల్లా ఆ బట్టలు విప్పించడమే. పౌలు థెస్సలొనీకయులకు "ఆత్మను ఆర్పకుడి" అని రాసి, ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. మొదటి వాక్యం మన మీటింగుల్లో చాలాసార్లు వింటాం. రెండోది అంతగా వినబడదు.

కావలసినవి

- ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో రాసినది నచ్చకపోతే చెరిపేస్తాం, చెరిపినట్టు కూడా తెలియదు. కాగితం మీద కొట్టివేత కనబడుతుంది.
- బైబిలు.
- రోజుకు పావుగంట, వీలైతే ఒకే వేళకి. రాత్రి భోజనమయ్యాక మంచిది. పొద్దున్నే అందరం భక్తులమే.
- గోడ మీద కాలెండరు.
- ఇద్దరు మనుషులు. ఒకరు మిమ్మల్ని ప్రేమించేవారు. రెండోవారికి మీ నిర్ణయం వల్ల లాభం గానీ నష్టం గానీ ఉండకూడదు. మీ కానుక మీద నడిచే సంఘం పెద్ద ఈ రెండో స్థానానికి పనికిరారు. ఆయన చెడ్డవారని కాదు, లెక్క సరిపోదు.

ముందుగా: ఈ పద్ధతి ఎవరికి వద్దు

మందులు మానేయమని దేవుడు చెప్పాడనిపిస్తే ఏ అడుగూ వేయకండి, మాత్ర వేసుకోండి. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ, మానసిక వైద్యం, దేని మందైనా సరే. మానాలో వద్దో డాక్టరు చెబుతారు. స్వస్థత నిజమైతే పరీక్షల రిపోర్టులో కూడా నిజమే అవుతుంది.

మిమ్మల్ని మీరు గాయపరచుకోమనో, ఇంకొకరిని గాయపరచమనో గొంతులు వినబడుతుంటే వెంటనే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

మూడోది చాలామందికి తెలియదు. ఒకే చిన్న తప్పుకి రోజుకు ఇరవై, ముప్పైసార్లు క్షమాపణ అడగడం, అడిగాక కూడా "సరిగ్గా అడిగానా" అని మళ్ళీ మొదలుపెట్టడం, ప్రార్థనలో ఒక చెడ్డ మాట మెదిలిందని గంటలు గంటలు కుమిలిపోవడం. దీన్ని మన సంఘాల్లో సున్నితమైన మనస్సాక్షి అని మెచ్చుకుంటారు. చాలాసార్లు అది ఓసీడీ అనే జబ్బు, వైద్యం ఉంది. ఇలాంటివారు ఈ నోటుబుక్కు పట్టుకుంటే జబ్బుకి ఇంకో ఆయుధం ఇచ్చినట్టవుతుంది. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు.

ఇంత తతంగం అక్కర్లేనివి

"ఆ పెద్దమ్మకి ఫోన్ చెయ్యి", "ఎదురింట్లో జ్వరమట, కాస్త చారు పంపు", "వాడికి సారీ చెప్పు". ఇలాంటివి తోచినప్పుడు పరీక్షలు పెట్టకండి, చేసేయండి. నా కొలత ఇది: ఖర్చు ఐదొందల లోపు, సమయం ఒక పూట లోపు, ఎవరికీ నష్టం లేదు, పొరపాటైతే వెనక్కి తీసుకోవచ్చు. ఈ నాలుగూ కుదిరితే అది దేవుని మాటో మీ మంచితనమో తేల్చాల్సిన పని లేదు. పైగా చిన్నవాటిలో కదలడం అలవాటైతే, పెద్దది వచ్చినప్పుడు ఆ స్వరం కాస్త తెలిసిన స్వరంలా ఉంటుంది.

ఇక అడుగులు.

1. ముందు పాత బాకీ తీర్చండి

తెలియని పెద్ద విషయం గురించి అడిగే ముందు, మనస్సాక్షి ఎప్పుడో చెప్పి ఊరుకున్న చిన్న విషయం ఉందేమో చూడండి. దాదాపు ప్రతివారికీ ఒకటి ఉంటుంది. ఆఫీసులో పెట్టిన దొంగ అద్దె రసీదు. తమ్ముడి వాటా లెక్కలో చెప్పకుండా మిగుల్చుకున్న పదివేలు. మూడేళ్ళుగా మాట్లాడని వదిన. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుంటే సహోదరుడికి మీమీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. వరసను గమనించండి: ముందు మనిషి, తర్వాత బలిపీఠం.

నోటుబుక్కు మొదటి పేజీలో మూడు గడులు గీయండి. ఎవరికి, ఎంత లేదా ఏమిటి, ఏ తేదీ లోపు. తేదీ గడి ఖాళీగా ఉంటే ఆ పేజీ రాసినట్టు కాదు. జక్కయ్య "ఇక మీదట మంచిగా ఉంటాను" అనలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు.

ఇవ్వాల్సిన మనిషి చనిపోతే వారసులకివ్వండి. వారసులు కూడా లేకపోతే ఏం చేయాలో సంఖ్యాకాండము 5లో ఉంది, ఆ సొమ్ము యెహోవాది అవుతుంది. దాన్ని మీ పేరున కానుకగా చదివించుకోకండి, పేరు చెప్పకుండా పేదవాళ్ళకివ్వండి.

జాగ్రత్త: మీ తప్పు ఒప్పుకునే ఊపులో ఇంకొకరి రహస్యం బయటపెట్టకండి. రెండో మనిషి ఉన్న తప్పయితే ముందు నమ్మకమైన పెద్దవారితో మాట్లాడండి.

చాలామంది ఈ అడుగు దాటేసి రెండోదానికి వెళ్తారు. వెళ్ళి మూడు వారాలయ్యాక "దేవుడు మౌనంగా ఉన్నాడక్కా" అంటారు.

2. "దేవుడు" అనే మాట లేకుండా ఒక్క వాక్యంలో రాయండి

"దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడు" అని రాస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు, దేవుడితో వాదనకు దిగినట్టుంటుంది. ఇలా రాయండి: "మార్చి నెలాఖరుకి ఉద్యోగం మానేసి మా అత్తగారి ఊరిలో సంఘం పని చేయాలని నాకు మూడు వారాలుగా అనిపిస్తోంది." ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్నీ ఉండాలి.

దాని కిందే ఇంకో మూడు విషయాలు: మొదటిసారి ఏ తేదీన అనిపించింది, ఆ రోజు ఏం జరిగింది, అప్పుడు శరీరం ఎలా ఉంది. ఉపవాసంలో ఉన్నారా, నిద్ర లేదా, ఎవరితోనైనా గొడవ పడ్డారా.

ఈ చివరి ప్రశ్న నేను నా ఖర్చుతో నేర్చుకున్నాను. ఒకప్పుడు నేను ఉద్యోగం మానేసి, దేవుడు మానమన్నాడని సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఏడాది తర్వాత పాత డైరీ తిరగేస్తే, ఆ "స్వరం" విన్న సాయంత్రం పేజీలో నిండా ఒక మేనేజరు మీద కోపమే ఉంది. దేవుడు మాట్లాడడానికి గొడవ జరిగిన గంటనే ఎంచుకున్నాడా అని నన్ను నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ పది నెలల ఇంటద్దె మా నాన్న కట్టాల్సి వచ్చేది కాదు.

3. మూడు గేట్లు

రాసిన వాక్యాన్ని ఈ మూడు గేట్ల గుండా పంపండి. ఏ ఒక్కదాని దగ్గర ఆగిపోయినా మిగతా అడుగులు అనవసరం.

మొదటి గేటు: అది చేయాలంటే అబద్ధం చెప్పాలా, మాట తప్పాలా, ఎవరినైనా నలిపేయాలా? ఏన్గెదీ గుహలో దావీదు గుర్తున్నాడు కదా. తనను చంపాలని తిరుగుతున్న సౌలు ఒంటరిగా అదే గుహలోకి వచ్చాడు. దేవుడు చెప్పిన దినం ఇదేనని పక్కనున్నవాళ్ళు అన్నారు. తలుపు తెరుచుకుంది, ప్రవచనం సరిపోయింది, స్నేహితులు ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో అయితే "కన్ఫర్మేషన్ వచ్చేసింది బ్రదర్" అనేవాళ్ళం. దావీదు సౌలు వస్త్రపు చెంగు మాత్రం కోశాడు, దానికే మనసు నొచ్చుకున్నాడు. అన్నీ కలిసొచ్చిన చోట కూడా మనస్సాక్షి వద్దంటే అదే గెలవాలి.

రెండో గేటు: ఆ ప్రేరేపణ మీకా, ఇంకొకరికా? "నువ్వే నా భార్యవని ప్రభువు చూపించాడు" అని యూత్‌లో అమ్మాయిల దగ్గరికి వచ్చే తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఆమెకు కూడా చూపించేదాకా నోరు మూసుకుని ఉండు. అమ్మాయిలకు చెప్పేది ఇంకా చిన్నది: నీకు చూపించలేదంటే చూపించలేదనే. కాదనడం దేవుణ్ణి కాదనడం కాదు. అపొస్తలుల కార్యములు 21లో యెరూషలేములో పౌలును బంధిస్తారని అగబు ప్రవచించాడు. అది విని అందరూ వెళ్ళొద్దని ఏడ్చారు. పౌలు వెళ్ళాడు. ఏం జరగబోతుందో ఒకరికి తెలిసినంత మాత్రాన ఇంకొకరు ఏం చేయాలో చెప్పే హక్కు రాదు.

మూడో గేటు: ఇది నిజమైతే డబ్బో, పేరో, కుర్చీయో ఎవరికి దక్కుతుంది? చెప్పినవారికే దక్కుతుంటే ఆపేయండి. బంగారం అమ్మి "విత్తనం", అంటే కానుక, వేయమన్న ప్రేరేపణలన్నీ ఇక్కడ ఆగిపోవాలి.

4. మూడు రోజులు అవును, మూడు రోజులు కాదు

విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీ పేరు విన్నవాళ్ళకి ఆ లొయోలా ఎవరో చెబుతాను. ఇగ్నేషియస్ అనే స్పెయిన్ సైనికుడు, ఊరు లొయోలా. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద పడుకుని రెండు రకాల పగటికలలు కనేవాడు. ఒకటి, యుద్ధాలు గెలిచి ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందడం. రెండోది, పరిశుద్ధుల్లా క్రీస్తు కోసం బతకడం. కనేటప్పుడు రెండూ తియ్యగానే ఉండేవి. అయిపోయాక మొదటిది నోరు ఎండగట్టేది, రెండోదాని సంతోషం నిలిచి ఉండేది. ఆ తేడా పట్టుకున్నాకే ఆయన దారి మారింది. తర్వాత యేసు సభ అనే కాథలిక్ గురువుల సంఘాన్ని స్థాపించినవాళ్ళలో ముఖ్యుడు ఆయనే. మా సంఘం కాథలిక్ కాదు, అయినా ఈ పద్ధతికి నేను రుణపడి ఉన్నాను.

మీరు చేయాల్సింది ఇది. మూడు రోజులు, నిర్ణయం "అవును" అయిపోయినట్టే బతకండి. ఎవరికీ చెప్పొద్దు. బస్సులో, వంటింట్లో, ఆఫీసులో ఆ నిర్ణయం తీసుకున్న మనిషిగానే తిరగండి. రాత్రి ఐదు లైన్లు రాయండి. ఒక రోజు ఖాళీ వదలండి. తర్వాత మూడు రోజులు "కాదు" అయిపోయినట్టు. మళ్ళీ ఐదేసి లైన్లు.

ఆ క్షణంలో ఎలా ఉందో కాదు, గంట తర్వాత ఏం మిగిలిందో రాయండి. పుచ్చకాయ, మామిడికాయ పచ్చడి రెండూ నోట్లో బాగుంటాయి. రాత్రి కడుపు చెబుతుంది అసలు సంగతి. ఆ రోజు పక్కవాళ్ళ మీద విసుగు పెరిగిందా తగ్గిందా, ప్రార్థనకు కూర్చోబుద్ధయిందా తప్పించుకోబుద్ధయిందా, అది కూడా రాయండి.

పెద్ద హెచ్చరిక: "నెమ్మదిగా ఉంది, కాబట్టి దేవుని చిత్తమే" అనకండి. మన సంఘాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే తప్పు ఇదే. యోనా దేవుని నుంచి పారిపోతూ, తుఫానులో ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. అంతకంటే నెమ్మది ఏముంటుంది? అతను యొప్పేకు వెళ్ళేసరికి తర్షీషు ఓడ సిద్ధంగానే ఉంది, చేతిలో ఓడ కిరాయికి డబ్బూ ఉంది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఇటు గెత్సేమనేలో యేసుకు చెమట రక్తబిందువుల్లా కారింది. ఆయన ఉన్నది తండ్రి చిత్తంలోనే. కాబట్టి భయం ఉందా లేదా అన్నది కొలత కాదు. ఆ భయంతో ఉన్నా ప్రార్థించగలుగుతున్నారా, జనాన్ని ప్రేమించగలుగుతున్నారా అని చూడండి.

వారం రోజులు దొరకనివారికి: ఒక రాత్రి అవును, ఒక రాత్రి కాదు. పదునుగా తెలియదు గానీ ఏమీ లేనిదానికంటే నయం.

5. గుచ్చుకునేది ఎవరు నాటిన ముల్లో చూడండి

ఇక్కడ తొందరపడకండి.

లోపల గుచ్చుకునే ప్రతిదీ దేవుని గద్దింపు కాదు. కొన్ని అమ్మ నాటినవి, కొన్ని సండే స్కూల్ టీచరు నాటినవి, కొన్ని "నలుగురూ ఏమనుకుంటారో" నాటినవి. కమ్మలు పెట్టుకుంటే తప్పనిపించే అక్క ఒకామె, ఇంకో సంఘంలో పెరిగి ఉంటే ఆ ఊసే ఉండేది కాదు. ఆ మాటకి ఆమె మనస్సాక్షి అబద్ధమని అర్థం కాదు. అది ఇంకా పరీక్షకు నిలబడలేదని మాత్రమే.

రెండు ప్రశ్నలు రాసుకోండి. ఈ పని ఎవరికీ ఎప్పటికీ తెలియదంటే ఇంకా గుచ్చుకుంటుందా? ఈ పని అందరికీ తెలుస్తుందంటే ఇంకా చేయాలనిపిస్తుందా? మొదటిదానికి "లేదు" వస్తే అది నలుగురి భయం. రెండోదానికి "లేదు" వస్తే అది సరిగ్గా గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంటోంది.

ఇంకో గుర్తు. దేవుని గద్దింపు పేరుపెట్టి మాట్లాడుతుంది: నిన్న రాత్రి అమ్మతో అన్న ఆ మాట, వెళ్ళి సరిచేసుకో. నేరారోపణ పేరుపెట్టదు: నువ్వు పనికిరావు, నీది దొంగభక్తి, నీకు క్షమాపణ లేదు. మొదటిదాని చివర ఒక పని ఉంటుంది. రెండోదాని చివర గోడ ఉంటుంది. మన హృదయం మనమీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటే అధికుడని యోహాను రాసింది ఈ రెండోరకం రాత్రుల కోసమే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆయుధపూజ, ప్రసాదం. ప్రతి దసరాకీ ఇదే టెన్షన్. దీన్ని ఒకే ప్రశ్నగా అడగడం వల్ల జవాబు దొరకదు. విడదీయండి: నిలబడడం, హారతి ఇవ్వడం, ప్రసాదం తినడం. మూడూ వేరు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు ఇలాగే విడదీశాడు. అంగడిలో అమ్మేది మనస్సాక్షి నిమిత్తం ఏమీ విచారించకుండా తినమన్నాడు. ఎవరైనా "ఇది బలి అర్పించినది" అని చెబితే చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. సిరియా సేనాపతి నయమాను యెహోవాను నమ్మాక, తన రాజు తన చేతి మీద ఆనుకుని మొక్కేటప్పుడు తానూ రిమ్మోను అనే దేవత గుడిలో వంగాల్సి వస్తుందని ముందే చెప్పి క్షమాపణ అడిగాడు. ప్రవక్త ఎలీషా అతన్ని తిట్టలేదు, నెమ్మదిగా వెళ్ళమన్నాడు. దానియేలు ముగ్గురు స్నేహితులు మాత్రం రాజు నిలబెట్టిన ప్రతిమ ముందు వంగలేదు. నలుగురూ బైబిల్లోనే ఉన్నారు.

నేనైతే నిలబడతాను, హారతి పళ్ళెం పట్టుకోను. ప్రసాదం చేతికిస్తే ఏ వివరణా ఇవ్వకుండా పక్కసీటు అతనికిస్తాను. మా తమ్ముడు తింటాడు. ఇద్దరం కలిసే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, తీసుకుంటాం. మీకు ఏదీ తేలకపోతే, తేలేదాకా చేయకండి. "విశ్వాసమూలము కానిది ఏదో అది పాపము" అన్నది సందేహంతో చేసేవాడి గురించే. తేలాక మాత్రం తేలనివాళ్ళను వెక్కిరించకండి.

కాదనాల్సి వస్తే ఎలా కాదనాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1985లో కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని బడినుంచి తీసేశారు. ఆ పిల్లలు గీతం వస్తున్నంతసేపూ గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చే మనస్సాక్షి స్వేచ్ఛ వాళ్ళకు అండగా నిలిచింది. వాళ్ళ నమ్మకం నాది కాదు. కానీ ఆ నిలబడిన తీరు నేర్చుకోవచ్చు: చేయనిది చేయరు, చేసేవాళ్ళను అవమానించరు.

ఇక్కడ నా అడుగులు చాలని ప్రశ్న ఒకటుంది. బాప్తిస్మంలో ఒక పేరు, కుల సర్టిఫికెట్లో ఇంకో పేరు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీ-సిలో పెడతారు. కులం మాత్రం బాప్తిస్మం నీళ్ళలో కొట్టుకుపోదు, ఊళ్ళో అదే చూపు, అదే వాడ. ఈ ముడి ఆ ఇళ్ళవాళ్ళు వేసుకున్నది కాదు. "నిజాయితీగా ఉండు" అని పుల్పిట్ మీదనుంచి ఒక్క మాటలో తేల్చేవాళ్ళకి సాధారణంగా ఆ సర్టిఫికెట్ అవసరం పడి ఉండదు. మీ ఇంటి సంగతైతే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక లాయరునూ అడిగి, ఆ తర్వాతే ఈ అడుగుల్లోకి రండి. పొరుగింటి సంగతైతే అసలు రాకండి.

6. ఇద్దరికి చెప్పండి, సలహా మాత్రం అడగకండి

క్వేకర్లు అనే క్రైస్తవ సమాజంలో ఒక అలవాటుంది. నిర్ణయం తేల్చుకోవాల్సిన మనిషి చుట్టూ కొందరు కూర్చుంటారు. ప్రశ్నలు అడగొచ్చు, సలహా ఇవ్వకూడదు. మన దగ్గర ఇది కష్టం, ఎందుకంటే రెండో నిమిషానికే ఎవరో ఒకరు వచనం చెప్పేస్తారు. ముందే నియమం పెట్టండి: "అన్నా, గంటసేపు ప్రశ్నలే అడగాలి. వాక్యం, సాక్ష్యం, 'నేనైతే' అన్నీ తర్వాత." మీరు నోటుబుక్కు ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచీ చదివి వినిపించండి. ఏ పేజీ చదవడానికి గొంతు అడ్డుపడుతుందో దానికి మూల మడవండి. అసలు విషయం అక్కడుంటుంది.

ఇద్దరూ వద్దంటే? వాళ్ళు ఓటర్లు కారు, అద్దాలు. ఫ్రాంజ్ యేగర్‌స్టాటర్ అనే ఆస్ట్రియా రైతు హిట్లర్ సైన్యంలో పోరాడనన్నప్పుడు, భార్యాపిల్లల సంగతి చూసుకోమని మతపెద్దలే చెప్పారు, బిషప్‌తో సహా. 1943 ఆగస్టు 9న అతని తల నరికారు. 2007లో అదే కాథలిక్ సంఘం అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. అయితే ఒక తేడా చూడండి. అతని నిర్ణయానికి వెల కట్టింది ముందుగా అతనే. మీ "మనస్సాక్షి"కి వెల మొత్తం వేరేవాళ్ళు కడుతుంటే ఇద్దరి మాట వినండి.

7. గడువు పెట్టండి

కాలెండర్లో ఒక తేదీకి సున్న చుట్టండి. ఉద్యోగం, పెళ్ళి, సేవ లాంటివాటికి నేను నలభై రోజులు చెబుతాను. అందులో మహిమేమీ లేదు, ఒక జీతం నెల పూర్తిగా గడుస్తుంది, ఆడవాళ్ళకు ఒక నెలసరి గడుస్తుంది, ఉపవాసపు ఊపు తగ్గుతుంది. ప్రేరేపణ నిజమైతే నలభై రోజుల్లో చావదు.

"ఇప్పుడే, ఈ రాత్రే, లేకపోతే అవకాశం పోతుంది" అనే స్వరాన్ని అనుమానించండి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళు వర్మ్స్ సభ కథ వినే ఉంటారు. చక్రవర్తి ముందు లూథర్ "నా మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ" అన్నది 1521 ఏప్రిల్ 18న. ముందు రోజే, 17న, రాసిన పుస్తకాలను వెనక్కి తీసుకుంటావా అని అడిగితే అతను ఏమన్నాడో తక్కువమందికి గుర్తుంటుంది. ఆలోచించుకోవడానికి గడువు అడిగాడు. ఒక రోజు ఇచ్చారు.

8. వెనక్కి తీసుకోగలిగే మొదటి అడుగు వేయండి

రాజీనామా కాదు, సెలవు. ఇల్లు అమ్మడం కాదు, రెండు వారాలు అక్కడ ఉండి రావడం. పౌలు బృందం బితూనియ వైపు వెళ్ళబోతే ఆత్మ వెళ్ళనివ్వలేదు. అప్పుడే త్రోయకు వచ్చారు, మాసిదోనియ దర్శనం అక్కడ వచ్చింది. కదులుతున్నారు కాబట్టి తిప్పడం కుదిరింది.

తరచూ జరిగే పొరపాట్లు

కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం. చిట్టీ తీయడం ఇంకా నయం, అది చిట్టీ అని ఒప్పుకుంటుంది.

డిసెంబరు 31 రాత్రి వచ్చిన వాగ్దానం కార్డు మీద పెళ్ళి నిర్ణయాలు కట్టడం. ఆ కార్డు ప్రోత్సాహం కోసం. ప్రెస్సులో వందల కాపీలు వేశారు, మీ పేరు చూసి వేయలేదు.

గిద్యోనులా ఉన్ని పరచడం, అంటే దేవుణ్ణి గుర్తు అడగడం: "రేపు బస్సు సమయానికొస్తే ఓకే అనుకుంటాను ప్రభువా." గిద్యోనుకు ఏం చేయాలో అప్పటికే స్పష్టంగా చెప్పడం అయిపోయింది. ఉన్ని అతని అనుమానానికి దేవుడు చూపిన ఓర్పు. దారి తెలుసుకునే సాధనం అనుకోకండి.

స్వరం గురించి ముందు సంఘంలో చెప్పి, తర్వాత పరీక్షించడం. చెప్పాక పరీక్షించలేరు, పరువు అడ్డొస్తుంది. బాలుడైన సమూయేలు స్వరం విని మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు, ఊరి మధ్యకు కాదు.

సరిగ్గా జరిగిందా అని చూసుకోవడం

మొదటి అడుగు వేసిన నెలకి, మూడు నెలలకి, ఏడాదికి కాలెండర్లో గుర్తు పెట్టండి. ఆ రోజు ఇవి చూడండి. మీ నిర్ణయం వల్ల బాధపడే అవకాశం ఉన్న మనిషి ముఖం చూసి, అందులో ఒక్క ముక్క దాచకుండా ఆ కథ చెప్పగలరా? మొదటి పేజీలో బాకీలు తీరాయా? గలతీ 5లోని తొమ్మిది ఫలాల్లో దీర్ఘశాంతము, ఆశానిగ్రహము, ఈ రెండింటికి మార్కులు వేయమని ఇంట్లోవాళ్ళను అడగండి. మీరు వేసుకోకండి. ప్రేమ, సంతోషం మీటింగులో నటించొచ్చు. కరెంటు పోయిన వేసవి రాత్రి దీర్ఘశాంతం నటించడం కుదరదు.

కొన్నిసార్లు అప్పుడు మిస్సయింది తర్వాత దొరుకుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికాలో జాన్ వూల్మన్ అనే క్వేకర్ యువకుణ్ణి, యజమాని ఒక బానిస స్త్రీ అమ్మకం కాగితం రాయమన్నాడు. లోపల ఒప్పుకోకపోయినా రాశాడు. ఆ గుచ్చుకోవడాన్ని మాత్రం మర్చిపోలేదు. తర్వాత అలాంటి కాగితం రాయమంటే రాయనన్నాడు. ఊరూరా తిరిగి తోటి క్వేకర్లతో ఒక్కొక్కరిగా మాట్లాడాడు. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించారు. వూల్మన్ అప్పటికి చనిపోయి నాలుగేళ్ళు.

పొరపాటని తేలితే

దేవుడు చెప్పాడని ఎక్కడ చెప్పారో అక్కడే, ఎవరెవరు విన్నారో వాళ్ళ ముందే సరిచేయండి. ఫోన్‌లో వద్దు. పాస్టర్ గారికి ముందురోజే చెప్పి రెండు నిమిషాలు అడగండి. నేను చెప్పింది రెండు వాక్యాలు: "ఆ రోజు దేవుడు మానమన్నాడన్నాను. అది నా కోపం." కూర్చోబోతూ మూడో వాక్యం మొదలుపెట్టాను, మేనేజరు ఎలాంటివాడో చెబుదామని. వెనక వరసలోంచి మా నాన్న దగ్గారు. కూర్చున్నాను.